కింది రెండు అంగుళాలు

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం నా గొప్ప కోసం. నిజానికి బడే నన్ను మానేసింది. ఆ రోజు లెక్కల సారు తన జేబు డబ్బులతో స్టాఫ్ రూమంతటికీ చాయ్ తాగించాడని విన్నాను. అయినా ఆ కంప్యూటర్ల రోజుల్లో అమీర్‌పేట మొత్తం గాలించినా నా దగ్గరున్నన్ని సర్టిఫికెట్లు ఇంకెవరి దగ్గరా ఉండేవి కావు. జావా ఉండేది, సి ప్లస్ ప్లస్ ఉండేది, పేరు పలకడానికి కూడా ట్యూషన్ కావలసిన కోర్సులుండేవి. గోడ మీద వరసగా, నేల మీద నిలువుగా, అటక మీద అడ్డంగా. ఒక్కదాని మీదా నా పేరు లేదు. నాది పటాలు కట్టే దుకాణం.

"అన్నా, నువ్వేం చదివినవ్?" అని పిల్లలు అడిగితే గోడ చూపించేవాణ్ని. "గీ గోడంత చదివిన తమ్మీ. అన్నిట్ల పాసే. ఒక్క సర్టిఫికెట్ సుత నాది కాదు, గంతే తేడా."

నవ్వేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ ఒక్క జోకు మీద బతికాను. ఇప్పుడు చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదో రాస్తున్నాను.

అమీర్‌పేట చౌరస్తా దాటి పంజాగుట్ట వైపు నడుస్తుంటే ఎడమ చేతి సందులో ఉండేది దుకాణం. మా నాన్న పెట్టింది. ఆయన కాలంలో వచ్చేవి మూడే మూడు రకాలు: దేవుళ్లు, పెళ్లిళ్లు, పోయినవాళ్లు. ఆయన కూడా మూడో రకంలో చేరి, ఆయన పటం నేనే కట్టి గోడకు తగిలించేసరికి నాలుగో రకం వచ్చేసింది. జిల్లాల నుంచి పిల్లలు ఒక చేతిలో బ్యాగు, ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని బస్సు దిగేవాళ్లు. గదికి ఆరుగురు, మూడు నెలల కోర్సు, చివర్లో బంగారు రంగు అంచు ఉన్న కాగితం. ఆ కాగితం చేతికి రాగానే అది అద్దం వెనక్కి వెళ్లాలి, ఇంట్లో అమ్మానాన్నలకు చూపించాలి. అక్కడ నా అవసరం పడేది.

ఆ రద్దీలో కాగితాన్ని కొలిచి ఫ్రేమ్ కట్టే ఓపిక ఎవరికుంది? నల్ల ఫ్రేమ్‌లు రెండు మూడు సైజుల్లో ముందే చేసి పెట్టుకునేవాణ్ని. కాగితం పట్టకపోతే కాగితాన్నే కోసేవాణ్ని. కోయడానికి మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. దేవుడి పటం పెద్దదైతే పైన ఎప్పుడూ కత్తి పెట్టకూడదు, కిరీటం తెగుతుంది. కిందే కోయాలి. "దేవుని పాదాల కింద ఏముంటదిరా? క్యాలెండర్ అచ్చేసినోని పేరుంటది. అది పోతే దేవునికేం కోపం రాదు" అనేవాడు. కోసిన పట్టీని పారేసేవాళ్లం కాదు. మడిచి, అద్దం వెనక అట్టకూ చెక్కకూ మధ్య సందులో దోపేవాళ్లం. పటం కదిలినప్పుడు అద్దం గలగలమనకుండా. నాన్న నుంచి నాకు వచ్చిన చదువంతా ఇదే: పైన ముట్టకు, కింద కొయ్యి, ముక్క పారెయ్యకు.

మా దుకాణం పక్కనే, పెద్ద బిల్డింగు మెట్ల కింద, ఒక ముసలాయన బోర్డులు రాసేవాడు. నేను చాచా అనేవాణ్ని. ఆయన మంచి మూడ్‌లో ఉంటే నన్ను మియా అనేవాడు, కోపమొస్తే బేటా అనేవాడు. మొదట్లో అర్థమయ్యేది కాదు, బేటా అంటే ముద్దనుకునేవాణ్ని. కుడి చేతి బొటనవేలి గోటికి మూడు రంగులు ఎప్పుడూ అంటుకునే ఉండేవి. జావా అంటే తాగేదా తినేదా ఆయనకు తెలియదు. కానీ అమీర్‌పేటలో ఏ అంతస్తు మీద జావా అని కనపడినా అది ఆయన చెయ్యే. ఒక కోచింగ్ సెంటర్ బోర్డు ఎండేలోపే పక్క సెంటర్ వాడు వచ్చి "దానికంటే జర పెద్దగ రాయి చాచా" అనేవాడు.

తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. నవ్వుతున్న తెల్లపిల్ల బొమ్మతో సహా గంటలో బోర్డు చేతికిచ్చే మెషీన్. ఒక ఏడాదిలో చాచా రాసిన బోర్డులన్నీ దిగిపోయాయి. దింపిన రేకుల్ని హాస్టళ్ల వాళ్లు బాత్రూములకు తలుపులుగా వేసుకున్నారు. ఆయనకు మిగిలింది స్కూటర్ల నంబర్ ప్లేట్లు, బంజారా హిల్స్ గేట్ల మీద పేరు పలకలు.

"చాచా, ఇగ మీ బ్రష్షుకు రిటైర్మెంట్ ఇయ్యిండ్రి" అన్నాను ఒకసారి.

"ఇస్త మియా. ముందు నీ నోటికి పింఛన్ రానియ్యి" అన్నాడు.

మా ఇద్దరి మధ్య ఇలాగే నడిచేది. చివరి మాట ఎవరిదైతే వాళ్లు గెలిచినట్టు. ఎక్కువగా ఆయనే గెలిచేవాడు, నేను మాత్రం రోజూ ఆట మొదలుపెట్టేవాణ్ని.

ఒక వానాకాలం మధ్యాహ్నం చాచా చంకలో పొడుగాటి రేకు గొట్టం పెట్టుకుని వచ్చాడు. "ఇంట్ల పైకప్పు కారుతున్నది. గిది నీ అటక మీద పెట్టు, జర పొడి జాగల" అన్నాడు. ఏముందని అడిగితే మూత తీసి చుట్టలు బయటికి లాగాడు. నా బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నా మేకుల డబ్బాలు పెట్టాడు.

ఆరు బొమ్మలు. ఒక్కొక్కటి తలుపు సగం ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఆర్టిస్టు అట. మన ప్రాంతం చూడడానికి బయటివాళ్లు రావాలని సర్కారు వాళ్లు బొమ్మలు వేయించారు. రైల్వే స్టేషన్లలో, ప్రయాణికుల బంగళాల్లో గోడలకు అతికించడానికి. బొమ్మ వెయ్యడానికి ముందు చాచా బస్సుల్లో, సైకిల్ మీద ఆ చోట్లన్నీ తిరిగాడు. చార్మినార్ కింద గాజుల బండి. ఎండలో కాలిన ఇటుక రంగులో గోల్కొండ. ఏనుగు కూర్చున్నట్టు భువనగిరి గుండు. రామప్ప గుడి ముందు పొడుగ్గా పడిన స్తంభాల నీడలు. పాకాల చెరువు మీద ఒంటరి పడవ. అన్నీ నాలుగైదు రంగులే, కానీ ఒక్కోదాన్ని చూస్తుంటే ఆ ఎండ ముఖానికి తగిలేది. నాకు బొమ్మల గురించి తెలియదు. ముప్ఫై ఏళ్లు బొమ్మలకు అంచులు కట్టినవాణ్ని, అంచుల గురించి తెలుసు. ఆ బొమ్మలకు అంచు అవసరం లేదనిపించింది.

ఆరోది మాత్రం ఏ ఊరో తెలియలేదు. రాయి మీద రాయి, దాని మీద ఇంకో రాయి. ఎవరో ఆడుకుంటూ పేర్చి మధ్యలో లేచిపోయినట్టు. మధ్య మధ్య సీతాఫలం పొదలు, దూరంగా మేకల మంద. ఒక్క ఇల్లు లేదు.

"గిదేడిది చాచా?"

"నువ్వు రోజు పటాలు మోసుకపోతవు గద, గా బంజారా గుట్టలు."

నేను నవ్వాను, అబద్ధమనుకుని. ఆయన నవ్వలేదు.

అప్పుడు వేలితో కింద చూపించాడు. బొమ్మ కింద రెండంగుళాల తెల్ల అంచు. ఆ అంచు కుడి మూలన చిన్న ఎర్ర అక్షరాలు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి, ఆయన పేరు.

"యాభై ఏండ్ల సంది మంది పేర్లే రాస్తున్న మియా. డాక్టర్ల పేర్లు, వకీళ్ల పేర్లు, కోచింగ్‌లోళ్ల పేర్లు. నా పేరు రాసింది గీ ఆరుసార్లే."

ఆయనకు ఒక మనవరాలు ఉండేది. కొడుకు బిడ్డ. డిగ్రీ అయిపోయి, మా సందులోనే ఒక సెంటర్‌లో కోర్సు చేసేది. మెట్ల ముందు నుంచి స్నేహితురాళ్లతో వెళ్లేటప్పుడు తాతను చూసి చెయ్యి ఊపేది, కానీ ఆగేది కాదు. "మీ తాత ఏం చేస్తడు?" అని ఎవరో అడిగితే "పెయింటర్" అని చటుక్కున అని మాట మార్చేయడం నేను రెండుసార్లు విన్నాను. చాచా ఎన్నిసార్లు విన్నాడో తెలియదు.

ఆ వానాకాలంలోనే మా దుకాణానికి ఒక సారు వచ్చేవాడు. కోస్తా నుంచి వచ్చి బంజారా హిల్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ పని చూస్తుండేవాడు. వాళ్ల ఉద్యోగులకిచ్చే ప్రశంసాపత్రాలన్నీ నాతోనే కట్టించేవాడు. ఒక రోజు ఆయన వచ్చేసరికి, మళ్లీ చూద్దామని నేను గొట్టంలోంచి తీసిన గుట్టల బొమ్మ బల్ల మీదే ఉంది.

"ఏంటండీ ఇది? ఎక్కడ దొరికింది మీకు?"

"దొరికింది సార్" అన్నాను. మా వ్యాపారంలో సరుకు ఎక్కడిదో గిరాకీకి చెప్పరు. చెబితే రేపు గిరాకీ నేరుగా అక్కడికే పోతాడు. మా నాన్న నేర్పిందే అది కూడా.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా? మా కొత్త బిల్డింగు ఓపెనింగ్ ఉందండీ. రిసెప్షన్‌లో పాత హైదరాబాదు లుక్కు కావాలంటున్నారు మా ఎండీ గారు. వింటేజ్ అన్నమాట."

వింటేజ్ అంటే పాతబడ్డాక ధర పెరిగేదట. మనుషుల్లో ఆ సరుకు నేనెప్పుడూ చూడలేదు.

చాచాకు విషయం చెప్పాను. ధర అడుగుతాడనుకున్నాను. అడగలేదు. గొట్టం మూత తిప్పుతూ, "గోడ మీద ఎంతమంది చూస్తరు?" అన్నాడు.

"రోజు వందల మంది చాచా. ఫారిన్‌లోళ్లు సుత."

"అయితే ఇచ్చేస్త. పైసలొద్దు. ఒక్కటే మాట. నా పేరు కనబడాలె. ఓపెనింగ్ నాడు నా పోరిని తోలుకొని వస్త. దాదా పేరు గోడ మీద చూడాలె అది."

"గంతేనా?"

"గంతే. కింద జర జాగ్రత్త మియా. కిందనే నేనున్న."

నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "పైన దేవుడున్నడు, కింద మీరున్నరు, నడుమ నేనున్న. ఫికర్ జేయకుండ్రి చాచా." అంత చక్కగా కుదిరిన మాట అన్నందుకు నాలో నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో ఆయనన్న మాట చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. నోరు నడిచేటప్పుడు చెవులు మూసుకునే రోగం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

సారు తొందర పెట్టాడు. ఓపెనింగ్‌కు మూడు రోజులే. ఆరూ ఒకే రకం ఉండాలి, నల్లవి, సన్నవి. కొత్తగా చెక్క తెచ్చి, కోసి, రంగేసి, ఆరబెట్టే వ్యవధి లేదు. ఇంకో ఆఫీసు వాళ్లు చేయించుకుని వద్దన్న పెద్ద నల్ల ఫ్రేమ్‌లు అటక మీద ఉన్నాయి, సరిగ్గా ఆరు. వెడల్పు అతికినట్టు సరిపోయింది. పొడుగులో మాత్రం బొమ్మలు రెండంగుళాలు ఎక్కువ.

ముందు రోజు నుంచి సర్టిఫికెట్లు కోస్తూనే ఉన్నాను. ఆరు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఇనుప స్కేలు పెట్టాను. పైన ఆకాశం, గోపురం, మీనార్లు. అక్కడ చెయ్యి పోనే పోదు. కింద తెల్ల అంచు. మోకాలితో స్కేలు నొక్కిపట్టి కట్టర్ లాగాను. మందం కాగితం, రెండుసార్లు లాగాల్సి వచ్చింది. ఆరు పట్టీలు బల్ల కింద పడ్డాయి. నేను ఆరోజు కోసిన పట్టీల్లో అన్నిటికన్నా దళసరివి అవే. "మస్తు గట్టిగున్నయ్" అనుకుని పక్కన పెట్టుకున్నాను కూడా, సర్టిఫికెట్ల వెనక దోపడానికి.

మర్నాడే పటాలు ట్రాలీ ఆటోలో పంపించేశాను. చాచా వచ్చి, "నాకు చూపియ్యకనే పంపిస్తివా?" అన్నాడు. "పెండ్లి పిల్లను ముందే చూపిస్తరా చాచా?" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోసమే అన్నాను.

ఓపెనింగ్ నాడు పదకొండు గంటలకు నేను, చాచా, మనవరాలు ఆటోలో బంజారా హిల్స్ ఎక్కాం. చాచా తెల్ల షేర్వానీ వేసుకున్నాడు. బొటనవేలి గోరు కిరోసిన్‌తో కడిగి కడిగి ఎర్రగా చేసుకున్నాడు. పిల్ల కొత్త చున్నీ వేసుకుని బయటికి చూస్తూ కూర్చుంది. బిల్డింగు అద్దాలది. దాని వెనక, పడగొట్టిన రాళ్ల గుట్ట ఇంకా ఎత్తలేదు. చాచా దిగగానే ఆ రాళ్ల వైపు ఒకసారి చూశాడు.

లోపల చల్లగా ఉంది. ఆరు బొమ్మలు వరసగా, ఒక్కోదాని మీద ఒక్కో దీపం. నిజం చెప్పాలంటే నేను కట్టిన పటాల్లో అంత అందంగా ఉన్నవి లేవు. టై కట్టుకున్నవాళ్లు పళ్లరసం పట్టుకుని వాటి ముందు నిలబడి మాట్లాడుకుంటున్నారు. చాచా పిల్ల చెయ్యి పట్టుకుని నేరుగా చార్మినార్ దగ్గరికి వెళ్లాడు. వంగి, వేలు కింది మూలకు చూపించి, "చూడు" అన్నాడు.

పిల్ల వంగి చూసింది. "ఏడుంది దాదా?"

ఆయన వేలు నల్ల చెక్క మీద ఉంది. వేలు ఎడమకు జరిగింది, మళ్లీ కుడికి వచ్చింది. పక్కన గోల్కొండ దగ్గరికి వెళ్లాడు. తర్వాత భువనగిరి. నాకు అప్పుడు, ఆ చల్లని గదిలో, నా కట్టర్ చప్పుడు వినపడింది. రెండుసార్లు.

పటాల కింద గోడకు ఇత్తడి పలకలు బిగించి ఉన్నాయి, ఇంగ్లీషులో. పిల్ల చదివింది. "దాదా, చార్మినార్ అని ఉంది. దాని కింద అన్‌నోన్ ఆర్టిస్ట్ అని ఉంది."

"అంటే?"

ఆ పిల్ల చెప్పడానికి ఇష్టపడలేదు. చివరికి, "ఎవరు వేసిండ్రో ఎరుకలేదు అని" అంది మెల్లగా.

చాచా నన్ను చూశాడు. కోపంగా కాదు. ఏదో చిన్న పొరపాటు జరిగింది, నేను సర్దేస్తానన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కోపం కంటే ఎక్కువ బరువు. అంతలోనే అడ్మిన్ సారు నవ్వుతూ వచ్చాడు, వెనక ఇద్దరు పెద్దమనుషులు. చాచా ఆయన వైపు తిరిగి, షేర్వానీ సర్దుకుని, "సాబ్, గీ బొమ్మలు నేను వేసిన" అన్నాడు.

"అవునాండీ?" అన్నాడు సారు మర్యాదగానే. "చాలా సంతోషం. కానీ సంతకం ఎక్కడా లేదే. మేం వెతికామండీ, లేకపోతేనే కదా అలా పలక వేయించింది." అని నా వైపు చూశాడు. "ఏవండీ, నిజమేనా? మీరే కదా తెచ్చారు?"

నేను చెయ్యాల్సింది తల ఊపడం. మాట కూడా అక్కర్లేదు. కానీ తల ఊపితే, సంతకం ఏమైందంటారు. నేనే కోశానని చెప్పాలి. కొన్ని వందల ప్రశంసాపత్రాలు ఆ వారం నా దుకాణానికి రావాల్సి ఉన్నాయి. ఇదంతా నేను ఆ క్షణంలో ఆలోచించానని చెప్పలేను. ఆలోచన తర్వాత వచ్చింది. ముందు వచ్చింది నోరు.

"మా చాచా ముచ్చట ఇనకుండ్రి సార్. అసలు చార్మినార్ సుత నేనే కట్టిన అంటడు."

అందరూ నవ్వారు. వెనక పెద్దమనుషులిద్దరూ నవ్వారు. సారు చాచా భుజం తట్టి, "పళ్లరసం తీసుకోండి పెద్దాయనా" అని పక్కకు వెళ్లిపోయాడు. నా జన్మలో అంత ఖరీదైన గదిలో, అంత పెద్దవాళ్లను నవ్వించింది ఆ ఒక్కసారే.

పిల్ల నవ్వలేదు. తాత ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసింది. ఆ పిల్ల ఎవరిని నమ్మిందో నాకు తెలియదు. అదే అసలు సంగతి. ఆ రోజు అక్కడికి వచ్చిందే ఆ పిల్ల నమ్మడానికి. చాచా ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. నేను వెంట వెళ్లలేదు. పళ్లరసం తాగాను. తియ్యగా ఉంది.

మర్నాటి నుంచి మెట్ల కింద ఎవరూ లేరు. డబ్బాలు, బ్రష్షులు ఎప్పుడు తీసుకెళ్లాడో చూడలేదు. వారం తిరక్కుండా అక్కడ మొబైల్ కవర్లు అమ్మేవాడు దిగాడు. అడ్మిన్ సారు ప్రశంసాపత్రాలు వచ్చాయి, కట్టాను. రెండు మూడేళ్లకు ఎక్కడో అమెరికాలో గాలి మారిందట, ఇక్కడ ఆ కంపెనీ అద్దాల బిల్డింగు ఖాళీ చేసేసింది. ఆరు పటాలు ఎవరింటికి పోయాయో, ఏ చెత్తబండి ఎక్కాయో అడిగే మొహం నాకు లేదు. ఇప్పుడు ఆ పాత బొమ్మల్లాంటివి హోటళ్లలో, కాఫీ దుకాణాల్లో కనపడుతుంటాయి. చూసినప్పుడల్లా కింది అంచు వైపు వంగుతాను. పక్కవాళ్లు నడుం నొప్పనుకుంటారు.

కానీ అదంతా తర్వాత. ఓపెనింగ్ అయిన వారంలోనే నేను పట్టీల కోసం బల్ల కింద వెతికాను. లేవు. నేనే దోపేశాను, ఆ రెండు రోజుల్లో కట్టిన సర్టిఫికెట్ల వెనక. అవి చాలావరకు డెలివరీ అయిపోయాయి. కరీంనగర్‌లోనో, కర్నూల్‌లోనో, ఏదో ఇంటి ముందుగదిలో, కొడుకు పేరు వెనక చాచా పేరు మడతపడి ఉంది. అద్దం గలగలమనకుండా చూస్తోంది.

మిగిలింది ఒకటే దారి. మా దుకాణంలో ఎప్పుడూ ఒక వరస ఉండేది, కట్టించుకుని తీసుకుపోనివి. అడ్వాన్సు ఇచ్చి వెళ్లిన పిల్లలు. ఉద్యోగం రాలేదు, గది అద్దెకు గడువైపోయింది, బకెట్టు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. అద్దంలో సర్టిఫికెట్ పెట్టుకుని ఊరికెళ్లి ఏం చెబుతారు? అందుకని నాకే వదిలేసేవాళ్లు. పేపర్లు, టీవీలు ఎవరెవరు విమానం ఎక్కారో చెప్పేవి. ఎవరెవరు మళ్లీ బస్సెక్కారో నా అటక చెప్పేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, ఆ వరసంతా నేల మీదికి దించాను. ఒక్కోదాని వెనక మేకులు పీకడం, అట్ట తీయడం, చూడడం, మళ్లీ బిగించడం. పేర్లు చదువుతూ వెళ్లాను. ఏ పిల్లాడు ఏ జోకుకు నవ్వాడో గుర్తొచ్చింది. ఎన్ని విప్పానో లెక్క లేదు, వేళ్లకు రక్తం వచ్చింది. చివరికి, మూతపడిపోయిన ఒక సెంటర్ ఇచ్చిన జావా సర్టిఫికెట్ వెనక, నాలుగు మడతలుగా, దొరికింది. తెరిచి చూశాను. రెండంగుళాల తెల్ల పట్టీ, కుడి మూలన ఎర్ర అక్షరాలు. మడత సరిగ్గా పేరు మధ్య నుంచి పోయింది. ఆరింటిలో ఒకటి. ఏ బొమ్మదో కూడా తెలియదు. కింద అన్నీ ఒకలాగే ఉంటాయి.

ఇస్త్రీ పెట్టెతో మడత పోగొట్టడానికి ప్రయత్నించాను. పోలేదు. అట్ట మీద పెట్టి, పైన పల్చటి కాగితం కప్పి, పంజాగుట్ట వెనక బస్తీలో చాచా ఇంటికి నడిచాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లాను. చాచా, తప్పయింది. చాచా, నేనే కోసిన. చాచా, గా సారుకు చెప్తా, మీ పోరికి చెప్తా. మూడు మాటలు. చిన్నప్పుడు పద్యం కూడా అంత శ్రద్ధగా బట్టీ పట్టలేదు.

చాచా గడప మీద కూర్చుని స్కూటర్ నంబర్ ప్లేటు రాస్తున్నాడు. పైకప్పు మీద ఎక్కడిదో ఫ్లెక్స్ ముక్క కప్పారు, దాని మీద తెల్లపిల్ల నవ్వుతోంది. లోపల మనవరాలు పుస్తకం ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. చాచా తలెత్తి చూసి మళ్లీ ప్లేటు మీదికి వంగాడు. అంకె పూర్తి చేసేదాకా ఆగాను. ఎనిమిది. నిదానంగా, పైనుంచి కిందికి.

బట్టీ పట్టిన మూడు మాటలూ గొంతు దాకా వచ్చాయి. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"ఇగో చాచా, మీ సర్టిఫికెట్ అచ్చింది. ఫస్ట్ క్లాస్."

అనగానే నాలిక కోసుకోవాలనిపించింది. లోపల పిల్ల పుస్తకం మూసిన చప్పుడైంది. చాచా బ్రష్షు డబ్బాలో పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, అట్ట అందుకున్నాడు. పల్చటి కాగితం ఎత్తాడు. తన పేరును, పేరు మధ్యలో నా మడతను, చాలాసేపు చూశాడు. బొటనవేలి గోటికి మళ్లీ రంగులు అంటుకున్నాయి. ఆ గోటితో మడతను ఒకసారి రుద్దాడు, చదును చేయడానికన్నట్టు. తర్వాత కాగితం కప్పి, అట్ట నా చేతుల్లో పెట్టాడు.

"నాకెందుకు బేటా ఇది? నీకు ఒక్క సర్టిఫికెట్ సుత లేదని మందికందరికి చెప్పుకుంట నవ్వుతుంటవు గద. ఇది నువ్వే పటం కట్టుకో. నువ్వేం నేర్సుకున్నవో అండ్ల ఉన్నది. సంతకం సుత నేను ఎప్పుడో పెట్టే ఉంచిన."